ఉచ్చెంగెప్పగారి శాంతిగువ్వలు

కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులో శాంతిని కాపాడే బాధ్యతను ఇకమీదట పక్షులకు అప్పగిస్తున్నట్టు సరిహద్దు సామరస్య శాఖ మంత్రి ఉచ్చెంగెప్పగారు సోమవారం ఉదయం బళ్లారిలో ప్రకటించారు. ప్రపంచంలో ఇటువంటి ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదని కూడా ఆయనే ప్రకటించారు. సభలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక విలేకరి మాత్రం లేచి, సరిహద్దులో ఇప్పుడు గొడవ ఏముంది సార్ అని అడిగాడు. మంత్రిగారు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు, ఆ పనికి వేరే మనుషులున్నారు.

"గొడవ అయినంక శాంతి తెచ్చేది ఎవరైనా చేస్తారప్పా," అన్నారు. "గొడవ లేనప్పుడు తెచ్చేదే మన గవర్నమెంటు. అదీ మామూలు పావురాలతో కాదు. ఫారిన్ పావురాలు. ఒట్టి పండ్లు తిని బతుకుతాయి. ఇంత సాత్వికమైన పక్షి ఇంగోటి లేదు."

టీవీలో ఈ మాట వినబడేటప్పటికి కురుగోడు పక్కన కాలవ కింద ఉన్న ఒక క్యాంపులో శివరామకృష్ణయ్యగారు బొప్పాయి కోస్తున్నారు. ముక్క బఠాణీ గింజంత ఉండాలి. పండ్ల గువ్వ కొరకదు, నమలదు, దొరికింది దొరికినట్టు మింగుతుంది. ముక్క పెద్దదైతే గొంతు దిగదు. అందుకని ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున్న గంటసేపు ఆయన బొప్పాయి, అరటి, ఉడికించిన చిలగడదుంప సన్నగా తరుగుతూనే ఉన్నారు. అంత ఓపిక ఇంటి కూరగాయల మీద ఒక్కనాడూ చూపించలేదని ఆయన భార్య సరోజినీదేవి అంటుంది. టీవీ మాట విన్నాక ఆయన చేతిలో కత్తి ఆగిపోయింది. జిల్లాలో అటువంటి పక్షులున్న ఇల్లు ఒక్కటే ఉంది, అది ఆయనదే.

తుంగభద్ర కాలవలు వచ్చిన కొత్తలో ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వరి వేశాడు. అలా వచ్చినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. అరవై ఏళ్లు గడిచినా, మేడలు లేచినా, క్యాంపు క్యాంపే. తండ్రి తరవాత శివరామకృష్ణయ్యగారు కూడా వరే వేశారు. కాకపోతే ఎనిమిదేళ్ల కిందట మోటారు విడిభాగాలకని బెంగళూరు వెళ్లి, రెండు జంబూ జాతి పండ్ల గువ్వలతో తిరిగొచ్చారు. మగదానికి కుంకుమ అద్దినట్టు ఎర్రటి ముఖం, పచ్చిమిరపకాయ రంగు వీపు, తెల్లటి పొట్ట. ఆడది ఒళ్లంతా పచ్చన. వాటి కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. మోటారు మాత్రం ఆ సంవత్సరం నడవలేదు.

ఇంటి వెనక వలతో గదంత పంజరం కట్టించారు. లోపల తీగలు పాకించారు, ఎండాకాలంలో సన్నగా తుంపర పడేలా గొట్టాలు పెట్టించారు. మనుషులకు ఫ్యాను, పక్షులకు వానా అని సరోజినీదేవి చాలాకాలం దెప్పింది. ఇప్పుడు ఆవిడే గొట్టాలు తిప్పుతుంది. రెండు పద్నాలుగయ్యాయి. అదేమీ తేలిగ్గా జరగలేదు. పండ్ల గువ్వ ఒక కాన్పుకు ఒక్క గుడ్డే పెడుతుంది. పది పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి అదే గూడు అనుకుంటుంది. కింద నుంచి చూస్తే గుడ్డు కనబడుతుంది. ఏ కొత్త మనిషో గట్టిగా దగ్గినా గుడ్డు వదిలి ఎగిరిపోతుంది. మూడేళ్లుగా ఏ ఒక్క గుడ్డూ నిలవని జంట ఒకటి ఈసారి పదిరోజులుగా కదలకుండా పొదుగుతూ ఉంది. పగలంతా మగది, సాయంత్రం నుంచి ఆడది. శివరామకృష్ణయ్యగారు ఆ పదిరోజులూ ఇంట్లో పిల్లిలా నడుస్తున్నారు.

ఆ ఇంటి ముందు బుధవారం పదకొండు కార్లు ఒకేసారి హారన్లు కొట్టాయి.

మంత్రిగారిని తీసుకొచ్చినవాడు ఆయన పి.ఎ. జీవన్. కిందటేడు బళ్లారి ఫలపుష్ప ప్రదర్శనలో ఈ గువ్వల పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నది అతనే. పంజరం ముందు మంత్రిగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. గువ్వలు కొమ్మల మీద రాళ్లలా కూర్చున్నాయి. భయమేస్తే అవి అలాగే కూర్చుంటాయి.

"శానా సైలెంటుగా ఉండాయే," అన్నారు మంత్రిగారు మెచ్చుకోలుగా. "శాంతికి ఇవే కరెక్టు. ఇరవయ్యో తారీఖు చెక్‌పోస్టు కాడ ఎగరేస్తాం. ఆంధ్రాకు పోయి, శాంతి ఇచ్చి, సాయంత్రానికి వాపసు వస్తాయి."

"అయ్యా, ఇవి తిరిగిరావండి," అన్నారు శివరామకృష్ణయ్యగారు. "మామూలు పావురాలకు ఇల్లు గుర్తుంటుంది. వీటికి ఆ అలవాటు లేదు. పంజరంలో పుట్టి పెరిగినవి. బయట వదిలితే గంటలో డేగలు తన్నుకుపోతాయండి."

"ట్రైనింగ్ ఇప్పిద్దాం."

"డేగలకాండి?"

"పావురాలకప్పా. మా శాఖలో ట్రైనింగ్ సెంటరు ఉండాది. మూడు దినాలు కోర్సు, సర్టిఫికెట్ కూడా ఇస్తారు." మంత్రిగారు గూటి వైపు చూశారు. "అదెందుకు అట్ల ముడుచుకొని కూర్చోనుండాది? మొగం ఎర్రగా ఉండాది, ఫోటోలో బాగొస్తాది. దాన్నీ రాసుకో జీవన్."

"అది గుడ్డు మీద ఉందండి!"

"అయితే గుడ్డు కూడా తీస్కరాండి. శాంతికి భవిష్యత్తు ఉండాదని చెప్పొచ్చు," అన్నారు మంత్రిగారు. వెనకున్న ముప్పైమందీ ఆ మాటకు ముగ్ధులయ్యారు. ఒకాయన కళ్లు తుడుచుకోవడం కూడా కనిపించింది.

కార్లు కదిలేముందు జీవన్ వెనక్కి వచ్చి శివరామకృష్ణయ్యగారి భుజం మీద చేయి వేశాడు. చాలా మర్యాదస్తుడు. "అయ్యా, మీ పక్షులకు పర్మిషన్ ఉండాదా?"

"ఉందండి. అన్ని కాగితాలూ ఉన్నాయి."

"ఉంటే మంచిదే. కానీ ఆ కాగితాలు చూడాల్నంటే మా ఆఫీసులో శానా దినాలు పడతాది. అన్ని దినాలూ పక్షులు మా దగ్గరే ఉండల్ల. మాకేమో వాటికి ఏం పెట్టాల్నో తెలీదు. ఎందుకప్పా ఆ యాతన? పన్నెండు ఇవ్వండి, రెండు ఉంచుకోండి. సంతోషంగా ఉందాం."

మర్నాడు శివరామకృష్ణయ్యగారు అర్జీ పట్టుకుని బళ్లారి బస్సెక్కారు. ఆ అర్జీ ఎవరికి ఇవ్వాలో కూడా శాఖవారు ముందే ఆలోచించి ఒక అధికారిని పెట్టి ఉన్నారు. జిల్లా పక్షి సమన్వయాధికారి ప్రవీణ్‌కుమార్. నెమ్మదస్తుడు. అతను ఎవరి అర్జీ తీసుకున్నా రెండు చేతులతో తీసుకుంటాడు.

శివరామకృష్ణయ్యగారికి ఒక ఆశ ఉంది. ఆయన పక్షులను కంప్యూటర్లో నమోదు చేసిన రోజున ఆ ఫారంలో కోడి, బాతు, చిలక అని మూడే గడులున్నాయి. పచ్చగా ఉన్నాయి కదా అని ప్రవీణ్‌కుమారే చిలకలని నొక్కాడు.

"బాబూ, మీ రికార్డు ప్రకారం నా దగ్గర పావురాలే లేవు కదా," అన్నారాయన. "పద్నాలుగు చిలకలున్నాయి. మంత్రిగారికి కావలసింది పావురాలు. ఆ ముక్క ఒక్కటి రాసివ్వండి చాలు."

"నిజమేనప్పా, మొన్నటిదాకా చిలకలే. మంత్రిగారు టీవీలో పావురాలనినారు కదా, నిన్నే మార్చేసినా." ప్రవీణ్‌కుమార్ నిజంగానే నొచ్చుకున్నాడు. "మీరు రొంత ముందు వచ్చింటే చిలకలుగానే ఉంచుతుంటినేమో. ఇంగ ఇప్పుడు వాటిని చిలకలు చేయాల్నంటే సెక్రెటరీ సంతకం కావల్ల."

ఆ పూట శివరామకృష్ణయ్యగారు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు గాని ముద్ద ఎత్తలేదు. పిల్లల పెళ్లిళ్లప్పుడు కూడా ఆయన ఇంత దిగులు పడలేదు. ఒక్కో పక్షి పుట్టిన తేదీ ఆయనకు నోటికి వచ్చు. ఏది ద్రాక్ష అంటే ఎగబడుతుందో, ఏది తుంపర పడగానే ముందు దిగుతుందో తెలుసు. వాటిని తన చేతులతో బుట్టలో పెట్టి డేగలకు పంపించాలి. సరోజినీదేవి కాసేపు చూసి, పళ్లెం పక్కకు జరిపింది.

"ఏవండీ, ఆ మంత్రి మీ గువ్వల్ని ఎంతసేపు చూశాడు?"

"అయిదు నిమిషాలు."

"ఆఫీసరు?"

"అతను కోడికీ బాతుకూ తేడా ఫారంలో చూసి చెబుతాడు."

"మరి ఇంకేం," అని ఆవిడ చెప్పులు తొడుక్కుంది. "పదండి, హొన్నూరుస్వామి దగ్గరికి పోయొద్దాం."

హొన్నూరుస్వామి కురుగోడులో లారీలకు రంగులు వేస్తాడు. బళ్లారి జిల్లాలో ముడి ఇనుము మోసే లారీల వెనక నెమళ్లు, హంసలు, తామరపూలు చాలామటుకు అతని చేతివే. షెడ్డు మీద పందెం పావురాలు పెంచుతాడు. గుంతకల్లులో వదిలితే అతను టీ తాగేలోపు ఇంటికి వస్తాయని పేరు. సంగతంతా విని అతను గడ్డం గోక్కున్నాడు.

"తెల్లవి పన్నెండు ఉండాయమ్మా. యాడ ఇడిసినా వాపసు నా షెడ్డు మీదికే వస్తాయి. తీస్కపోండి."

"తెల్లవేమిటి నాయనా, మావి పచ్చవి కదా," అన్నారు శివరామకృష్ణయ్యగారు.

హొన్నూరుస్వామి ఆయన్ని జాలిగా చూశాడు. "అయ్యా, నేను ఏం పని చేస్తాండా?"

లారీ పెయింటు వేస్తే పక్షి ఎగరలేదు. అందుకని కారుణ్ణిమె పండక్కి ఎద్దులకు పూసి మిగిలిన రంగులు తెచ్చాడు. ఎద్దు చర్మానికి పడినవి పావురానికి పడకపోవని అతని నమ్మకం. పంతొమ్మిదో తారీఖు పొద్దున్నే పంజరం బయట పీట వేసుకుని ఒక మగ గువ్వను అరగంటసేపు కన్నార్పకుండా చూశాడు. "ముందు బాడీ కొడదాం, ఫేసు ఆఖర్న," అని పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి పెరట్లో పన్నెండు పచ్చటి పక్షులు ఎర్రటి ముఖాలతో ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక దిక్కులు చూస్తున్నాయి. అలవాటు కొద్దీ అతను చివరి పావురం తోక మీద తన ఫోన్ నంబరు రాయబోతుంటే సరోజినీదేవి బ్రష్షు లాక్కుంది.

ఇరవయ్యో తారీఖు పండగ గురించి ఎంత చెప్పినా తక్కువే. చెక్‌పోస్టు దగ్గర క్రేన్ నిలబెట్టి, దానికి ఆపిల్, మోసంబి పండ్లతో కట్టిన దండ వేలాడదీశారు. ఆ దండలో మంత్రిగారు, జీవన్, ఇంకో ఆరుగురు కార్యకర్తలు పట్టారు. గొడవ లేకుండా శాంతి కుదిరితే టీవీలో తేలిపోతుందని జీవన్ ముందే ఆలోచించి, కర్ణాటక వైపు నుంచి సుంకన్న అనే ఒకడిని, ఆంధ్ర వైపు నుంచి వాడి బావమరిదిని పిలిపించాడు. ఇద్దరూ నడిరోడ్డు మీద పోట్లాడుకోవాలి, పక్షులు ఎగరగానే కౌగిలించుకోవాలి. మొదట సిగ్గుపడుతూనే మొదలుపెట్టారు. మాట మీద మాట వచ్చి, చెల్లెలి పెళ్లిలో మటన్ ముక్కలు ఎవరు తక్కువ వేశారన్నదాకా వెళ్లేసరికి పోలీసులు నిజంగానే అడ్డం పడాల్సి వచ్చింది. సామరస్య శాఖ ఎంత అవసరమో అప్పుడు అందరికీ అర్థమైంది.

శివరామకృష్ణయ్యగారు పట్టుగుడ్డ కప్పిన బుట్ట వేదిక మీద పెట్టారు. గుడ్డ తీయగానే ప్రవీణ్‌కుమార్ ఒక్కో పక్షినీ ఫోటోతో సరిచూసి పన్నెండు అని టిక్కు పెట్టాడు. మంత్రిగారు కెమెరాలకు కనబడేలా ఒక బొప్పాయి ముక్క తీసి పావురం ముక్కు దగ్గర పెట్టారు. అది మొహం తిప్పుకుంది. ఇంకోదానికి పెట్టారు. అదీ అంతే.

"ఏమప్పా, తినవే?" అన్నారు మంత్రిగారు, పెదవులు కదపకుండా.

శివరామకృష్ణయ్యగారు నోరు తెరిచేలోపే జీవన్ మైకు అందుకున్నాడు. "శాంతి నెలకొనేదాకా ఈ పక్షులు ఉపవాసం పట్టినాయి!"

జనం హోరెత్తించారు. ఆ హోరుకు పావురాలు లేచాయి. ఆంధ్ర మీద ఒక్క చుట్టు తిరిగి, నేరుగా కురుగోడు వైపు వెళ్లిపోయాయి. "సార్, ఆంధ్రా అటుపక్క ఉండాది," అని ప్రవీణ్‌కుమార్ చెవిలో చెప్పబోయాడు. మంత్రిగారు అతని పాదం తొక్కి, "పనైపోయిందప్పా, వాపసు పోతాండాయి. ఇంత బేగ పని చేసే డిపార్ట్‌మెంటు ఇంగోటి చూపించండి!" అని చేయి ఊపారు.

అంతవరకూ అంతా హొన్నూరుస్వామి చెప్పినట్టే జరిగింది. దారిలో వాన పడుతుందని మాత్రం అతను చెప్పలేదు.

టీవీ వాళ్లు పావురాల వెంట బైకులేసుకుని షెడ్డు దగ్గరికి చేరేసరికి రేకుల మీద పన్నెండు పక్షులు ఈకలు దులుపుకుంటున్నాయి. రేకుల మీద నుంచి పచ్చనీళ్లు, ఎర్రనీళ్లు కారుతున్నాయి. ఒకదానికి సగం ముఖమే మిగిలింది. మిగతావి ఇంచుమించు తెల్లబడ్డాయి. వేదిక దగ్గర నుంచి తిన్నగా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్న శివరామకృష్ణయ్యగారు అది చూసి, "సరోజినీ, నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించు. పోలీసులొచ్చినప్పుడు కాస్త శుభ్రంగా ఉండాలి," అన్నారు.

పోలీసులు రాలేదు. మంత్రిగారు వచ్చారు, షెడ్డు దగ్గరికి. రేకుల వైపు చూశారు, కారుతున్న రంగులు చూశారు, ఎదురుగా ఉన్న ఆరు మైకులు చూశారు. ఉచ్చెంగెప్పగారు ఎందుకు మంత్రి అయ్యారో, మనం ఎందుకు కాలేదో అక్కడే తెలుస్తుంది. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు.

"చూడండప్పా," అన్నారు గద్గదంగా. "సరిహద్దు దాటినంక రంగు వదిలేసినాయి. శాంతికి రంగు లేదు, పార్టీ లేదు. ఈ నోరులేని పక్షులు మనకు ఎంత పాఠం చెప్తాండాయి!"

ఆ రాత్రికి ఆ మాట అన్ని ఛానళ్లలోనూ వచ్చింది. వారంలోగా పథకం అన్ని సరిహద్దులకూ విస్తరించింది. అయిదువందల పండ్ల గువ్వలు కావాలి, అసలైనవే కావాలి. అసలైనవి ఏవో తేల్చడానికి ఒక నిపుణుల సంఘం వేశారు. జిల్లాలో నిపుణులంటే గనుల్లో పనిచేసినవాళ్లే. అధ్యక్షుడిగా ముప్పై ఏళ్లు ముడి ఇనుము పరీక్షించి రిటైరైన సుధాకర్ అనే ఇంజనీరును పెట్టారు. ఆయన కింద అటువంటివాళ్లే ఇంకో ఇద్దరు. నిజాయితీపరులు. ఇనుమైనా, పక్షైనా వాళ్ల పద్ధతి ఒక్కటే. శాంపిల్ తీయాలి, కడగాలి, ఆరబెట్టాలి, ఎంత పోయిందో రాయాలి. సరిహద్దుకు వెళ్లొచ్చిన పన్నెండు పక్షులనూ, వానకు పోగా మిగిలిన రంగుతోనే, అలాగే కడిగి, ఒక ప్రమాణం తయారుచేశారు. పండ్ల గువ్వ రంగు పది నిమిషాల నీళ్లకు నూటికి తొంభై ఆరు వంతులు దిగును. రంగు దిగిన తరువాత తెల్లగా నుండును. జొన్నలు తినును. పండు తినదు. దాని మీద మంత్రిగారు సంతకం చేశారు.

ప్రమాణం అచ్చయిన మూడో రోజున, మిగిలిన రెండు గువ్వలనూ స్వాధీనం చేసుకోవడానికి వస్తున్నామని శివరామకృష్ణయ్యగారికి తాఖీదు వచ్చింది.

రెండు! పంజరంలో పద్నాలుగున్నాయి. దాచడానికి చోటు లేదు. పక్కింటికి పంపుదామంటే కదిపితే చచ్చేంత సుకుమారం. పైగా రెండు రోజుల కిందటే ఆ గూట్లో గుడ్డు చిట్లి, చింతగింజంత పిల్ల బయటికొచ్చింది. మూడేళ్ల తరవాత పుట్టిన పిల్ల. దాన్ని చూసినప్పుడు శివరామకృష్ణయ్యగారు ఏడ్చినంత పని చేశారు. ఇప్పుడు మోసం బయటపడుతుంది, కేసు పెడతారు, పెద్దవాటిని పట్టుకుపోతారు. ఆ పిల్ల తండ్రి పొట్ట కింద వెచ్చదనం లేకుండా పూట కూడా బతకదు.

"కాళ్లమీద పడతాను. అంతకన్నా ఏం చేయగలను," అన్నారాయన భార్యతో.

"పడేముందు వాళ్లేం చేస్తారో చూద్దాం," అంది సరోజినీదేవి.

సంఘం వచ్చింది. రెండు బకెట్లు, మూడు ట్రేలు, ఒక తక్కెడ, స్టాప్‌వాచీ, గుడ్డసంచులు, వెనక మహజరు, అంటే తనిఖీ పంచనామా, రాయడానికి ప్రవీణ్‌కుమార్. సుధాకర్ పంజరంలోకి చూసి, వేలుతో లెక్కపెట్టి, ఆగాడు.

"రెండు ఉండల్ల కదా? పద్నాలుగు ఉండాయే?"

శివరామకృష్ణయ్యగారు కిందికి వంగబోయారు. సరోజినీదేవి ఆయన మోచేయి పట్టుకుని ఆపింది. "ముందు పరీక్ష కానివ్వండి. లెక్కదేముంది, ఎప్పుడైనా చూడొచ్చు."

పరీక్ష అన్న మాట సుధాకర్‌కు నచ్చింది. "కుప్పలో పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి తీయల్ల. అదీ శాంపిల్," అని తన మనుషులకు చెప్పాడు. పై కొమ్మ మీద ఒకటి, నేల మీద ఒకటి సంచిలోకి వచ్చాయి. నడుమ ఉన్నది గూటిలో మగది. ఒకాయన అటు చేయి చాచాడు.

"అయ్యయ్యో, దాన్ని ముట్టుకోకండి," అంది సరోజినీదేవి. "అది డ్యూటీలో ఉంది. పొద్దున ఎక్కి సాయంత్రం దాకా కదలదు. సాయంత్రం ఆడది వచ్చి చార్జి తీసుకుంటే గాని దిగదు."

చాచిన చేయి ఆగిపోయింది. ముగ్గురూ గూటి వైపు ఒక క్షణం గౌరవంగా చూశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా సీటు వదలని ఉద్యోగిని వాళ్లెవరూ తమ సర్వీసులో చూసి ఉండరు. పక్క కొమ్మ మీదున్నదాన్ని తీసుకున్నారు.

మూడు గువ్వలను పంజరంలోనే మూడు ట్రేలలో పెట్టి, పైనుంచి జల్లెడతో నీళ్లు పోశారు. శివరామకృష్ణయ్యగారు కళ్లు మూసుకున్నారు. తెరిచి చూసేసరికి మూడూ ఒక పక్కకు ఒరిగి, ఒక్కో రెక్క ఎత్తి, చంకల్లోకి నీళ్లు పట్టిస్తున్నాయి. వానంటే వాటికి ప్రాణం. సుధాకర్ స్టాప్‌వాచీ చూస్తున్నాడు. అయిదు నిమిషాలు. పది. తెల్లటి ట్రేలో తెల్లటి నీళ్లే ఉన్నాయి.

"సబ్బు వేయండి," అన్నాడు ఒకాయన.

"ప్రమాణంలో సబ్బు లేదు," అన్నాడు సుధాకర్. ముందే చెప్పాను కదా, నిజాయితీపరుడు. గువ్వ వీపు మీద తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ ఎండలోకి పట్టి చూశాడు. అతని ముఖం గంభీరమైంది. "ఒక శాతం కూడా దిగలేదు." ఈలోగా తడిసిన మగది ట్రే దిగి, పళ్లెంలో బొప్పాయి ముక్కలు గబగబా మింగడం మొదలుపెట్టింది. ముగ్గురు నిపుణులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పండు కూడా తింటాండాది," అన్నాడు సుధాకర్ నెమ్మదిగా. "శివరామకృష్ణయ్యగారూ, చెప్పేదానికి బాధగా ఉండాది. ఇవి పండ్ల గువ్వలు కావు. నకిలీ మాల్. పద్నాలుగూ నకిలీయే."

శివరామకృష్ణయ్యగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాబోయింది, ఆయన దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. "అలాగాండీ," అన్నారు.

"మరి అసలయిన రెండు యాడ పోయినాయి?" అని ప్రవీణ్‌కుమార్ పెన్ను పట్టుకుని అడిగాడు. "రిజిస్టర్లో ఉండాయి."

"మొన్న వానకు తడిసి తెల్లబడ్డాయి బాబూ," అంది సరోజినీదేవి. "తెల్లబడగానే ఎగిరిపోయాయి."

"ప్రమాణానికి సరిపోయింది," అన్నాడు సుధాకర్. ప్రవీణ్‌కుమార్ రాసుకున్నాడు.

మహజరు మూడు ప్రతులు రాశారు. తన దగ్గరున్నవి పండ్ల గువ్వలు కావనీ, ఇకమీదట వాటిని పండ్ల గువ్వలని ఎవరి ముందూ అననని, ప్రభుత్వ పథకాలకు వాటిని అంటగట్టే ప్రయత్నం చేయననీ శివరామకృష్ణయ్యగారు హామీ ఇచ్చారు. జీవితంలో ఆయన ఇంత ఇష్టంగా సంతకం పెట్టిన కాగితం ఇంకోటి లేదు. మూడుచోట్ల పెట్టమంటే నాలుగుచోట్ల పెట్టారు. సరోజినీదేవి అందరికీ కాఫీలు ఇచ్చింది. గూట్లో మగది ఒకసారి లేచి, కింద ఉన్న పిల్లను ముక్కుతో సర్ది, మళ్లీ కూర్చుంది.

బకెట్లు జీపులోకి ఎక్కించారు. అందరూ ఎక్కాక సుధాకర్ ఏదో మరిచిపోయినట్టు దిగి, ఒంటరిగా పంజరం దగ్గరికి నడిచి వచ్చాడు. తడి ఆరి మెరుస్తున్న పచ్చటి వీపుల వైపు చాలాసేపు చూశాడు. తరవాత శివరామకృష్ణయ్యగారిని కాస్త పక్కకు పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"చేసింది తప్పేలే అయ్యా, రాసుకోవాల్సింది రాసుకున్నా. ఇది ఆఫీసు మాట కాదు. మంత్రిగారి బంగ్లా కాంపౌండు గోడ ఉండాది. ప్రతి వానాకాలానికీ రంగు పోతాండాది, ఆయప్ప మా ప్రాణం తీస్తాండాడు." అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "నిజం చెప్పప్పా, ఇది ఏ కంపెనీ పెయింటు?"

అప్పటికి ప్రవీణ్‌కుమార్ కూడా జీపు దిగి, పెన్ను మూత తీసి, పక్కన వచ్చి నిలబడ్డాడు.